అడ్రినల్ లోపం అని తేలాక స్టెరాయిడ్ బిళ్ళలకు అలవాటు పడటం: విశాఖ ఎండలో, ఉక్కపోతలో బతికేవాళ్ళకు

అడ్రినల్ ఇన్‌సఫిషియెన్సీ అని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రానికల్లా చుట్టాల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. "స్టెరాయిడ్లా? అమ్మో, ఎముకలు కరిగిపోతాయి, షుగర్ వస్తుంది, మెల్లిగా మానేయ్" అని. ఈ జబ్బులో మనిషిని ఆసుపత్రి పాలు చేసేది చాలాసార్లు ఆ సలహాయే. కీళ్ళనొప్పులకో, ఆయాసానికో పెద్ద మోతాదులో వాడే స్టెరాయిడ్ వేరు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లో తయారవ్వాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్ తయారవ్వక, ఆ లోటు పూడ్చడానికి వేసుకునేది వేరు. ఇక్కడ మోతాదు దాదాపు ఒళ్ళు తానే తయారుచేసుకునేంత. దాన్ని ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో మాట. బిళ్ళ రోజూ ఒకేలా వేసుకున్నా మీ రోజు రోజూ ఒకేలా ఉండదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు జ్వరం వచ్చినా, కాలు విరిగినా అడ్రినల్ గ్రంథులు అడక్కుండానే కార్టిసాల్ పెంచేస్తాయి. మీకు ఆ పని మీరే చెయ్యాలి. ఎప్పుడు పెంచాలి, ఎంత పెంచాలి, ఎప్పుడు మళ్ళీ మామూలుకు రావాలి అన్నదే ఇక్కడ నేర్చుకోవాల్సిన అసలు విద్య. కింద రాసిన అంకెలన్నీ పెద్దవాళ్ళకు డాక్టర్లు సాధారణంగా వాడేవి. మీ చీటీలో వేరే అంకె ఉంటే చీటీయే లెక్క.

1. మీది ఏ రకమో కాగితం మీద రాయించుకోండి

మూడు రకాలున్నాయి. మొదటిది అడ్రినల్ గ్రంథులే దెబ్బతిన్నది, అంటే అడిసన్స్ జబ్బు. రోగనిరోధక వ్యవస్థ తన గ్రంథుల మీదే దాడి చెయ్యడం ఒక కారణం. మన దేశంలో క్షయ కూడా ఇప్పటికీ ఒక ముఖ్యమైన కారణమే. రెండోది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఆజ్ఞ రానిది. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఏళ్ళ తరబడి నీరసంగా ఉన్న ఆడవాళ్ళలో ఇది కనిపిస్తుంది. దీన్నే షీహన్ సిండ్రోమ్ అంటారు. మూడోది ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడటం వల్ల గ్రంథులు నిద్రపోయింది. మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో ఎవరో ఇచ్చిన పొడి, పేరు లేని పొట్లాల్లో బిళ్ళలు, నెలకో సూది, వీటిలో స్టెరాయిడ్ ఉందని వాడినవాళ్ళకే తెలియని సందర్భాలు బోలెడు.

ఈ తేడా ఎందుకంటే, మొదటి రకంలో ఉప్పును ఒంట్లో నిలిపే ఆల్డోస్టిరాన్ కూడా పోతుంది. అందుకే వాళ్ళకు ఫ్లూడ్రోకార్టిసోన్ అనే రెండో బిళ్ళ కావాలి. మిగతా రెండు రకాలకు సాధారణంగా అది అక్కర్లేదు. మూడో రకంలో గ్రంథులు మళ్ళీ మేలుకునే అవకాశం ఉంది. కానీ అది డాక్టరు మోతాదును మెట్లుమెట్లుగా దించితేనే.

2. బిళ్ళ, గడియారం

హైడ్రోకార్టిసోన్ అయితే రోజుకు మొత్తం 15 నుంచి 25 మి.గ్రా., రెండు మూడు సార్లుగా. ఉదాహరణకు పొద్దున్నే 10, మధ్యాహ్నం 5, సాయంత్రం నాలుగింటికి 2.5 లేదా 5. ప్రెడ్నిసోలోన్ అయితే 3 నుంచి 5 మి.గ్రా., చాలామందికి పొద్దున ఒక్కసారే. ఫ్లూడ్రోకార్టిసోన్ సాధారణంగా 50 నుంచి 100 మైక్రోగ్రాములతో మొదలుపెడతారు, అదీ పొద్దునే.

హైడ్రోకార్టిసోన్ రక్తంలో నిలిచేది తక్కువ సేపు. గంటన్నరకే సగం అయిపోతుంది. ఒళ్ళు తానే కార్టిసాల్ తయారుచేసుకునేటప్పుడు అది తెల్లవారుజామున పెరిగి, నిద్ర లేచే వేళకు గరిష్ఠంలో ఉంటుంది. కాబట్టి మొదటి మోతాదు కళ్ళు తెరవగానే వెయ్యాలి. మంచం పక్కన రాత్రే గ్లాసుడు నీళ్ళు, బిళ్ళ పెట్టుకుని, పడక మీదే మింగి, ఇంకో అరగంట పడుకుని లేవండి. పళ్ళు తోముకుని, పూజ చేసుకుని, టిఫిన్ తిన్నాక వేసుకుందాం అనుకునేవాళ్ళే "పొద్దున లేవలేకపోతున్నాను, కడుపులో తిప్పుతోంది" అని చెప్పేది. బిళ్ళ కడుపులో మంట పెడితే రెండు బిస్కెట్లతో వేసుకోండి, ఆలస్యం మాత్రం చెయ్యకండి. చివరి మోతాదుకూ నిద్రకూ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఉండాలి. లేదంటే కళ్ళు మూతపడవు.

గాజువాక వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు గోడ గడియారం చూడటం మానేసి, నిద్ర లేచిన వేళను లెక్కలోకి తీసుకోవాలి. నైట్ షిఫ్టు చేసి పగలు పడుకుని సాయంత్రం నాలుగింటికి లేస్తే, ఆ రోజుకు అదే మీ పొద్దున. పెద్ద మోతాదు అప్పుడే. షిఫ్టు మారే రోజున నిద్ర తక్కువై మెలకువ ఎక్కువసేపు ఉంటుంది. అలాంటి రోజుకు ఒక చిన్న మోతాదు అదనంగా కావాలా అన్నది డాక్టరును ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. సగం బిళ్ళలు చెయ్యాల్సి వస్తే మందుల షాపులో దొరికే ప్లాస్టిక్ కట్టర్ కొనండి. చాకుతో కోస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి పొడి అవుతుంది.

హైడ్రోకార్టిసోన్ బిళ్ళలు ప్రతి వీధి చివరి షాపులో ఉండవు. మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల ఉన్నట్టి పెద్ద షాపుల్లో ముందే చెప్పి తెప్పించుకోవడం మేలు. "అది లేదు, ఇదీ స్టెరాయిడే" అని ఇంకోటి చేతిలో పెడితే తీసుకోకండి. 20 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ పనిని 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ చేస్తుంది. అంకె చూసి సమానం అనుకుని మార్చుకుంటే మోతాదు నాలుగు రెట్లు అవుతుంది.

3. మొదటి వారాల్లో ఏమవుతుంది

చాలామందికి రెండు మూడు రోజుల్లోనే ఆకలి తిరిగొస్తుంది, వాంతులు ఆగుతాయి, మంచం దిగి నడవబుద్ధేస్తుంది. నలుపు మాత్రం తొందరగా పోదు. అడిసన్స్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళు, అరచేతి గీతలు, వేళ్ళ కణుపులు, పాత మచ్చలు నల్లబడి ఉంటాయి. అవి తేలికపడటానికి నెలలు పడుతుంది.

ఆసుపత్రిలో ఎక్కువ మోతాదు ఇచ్చి, ఇంటికి పంపాక తగ్గించినప్పుడు ఒళ్ళు నొప్పులు, చిరాకు, దిగులు, నీరసం ఒకేసారి మీద పడతాయి. ఇది ఎక్కువ మోతాదుకు అలవాటుపడ్డ ఒళ్ళు చేసే గోల కావచ్చు, నిజంగానే మోతాదు చాలకపోవడమూ కావచ్చు. బీపీ పడిపోతోందా, వాంతులు ఉన్నాయా, బరువు తగ్గుతోందా అన్నది చూడండి. వీటిలో ఏదున్నా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. ఏవీ లేకుండా ఒళ్ళు నొప్పులే అయితే కొన్ని వారాల్లో సర్దుకుంటాయి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. మోతాదు వేసుకున్న వేళ, బరువు, బీపీ, ఆ రోజు ఎప్పుడు నీరసం వచ్చింది. బీపీ ఎలా చూడాలన్నది ముఖ్యం: అయిదు నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాలకు ఇంకోసారి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే ఒంట్లో ఉప్పూ నీళ్ళూ చాలడం లేదని అనుమానించాలి. కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారి తీసిన బీపీ ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు.

మోతాదు ఎక్కువైతే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, చర్మం చిన్న దెబ్బకే కమిలిపోతుంది, షుగర్, బీపీ పెరుగుతాయి. "నీరసంగా ఉంది, ఇంకో బిళ్ళ వేద్దాం" అన్న అలవాటు ఏడాదిలో ఇక్కడికే తెస్తుంది. జబ్బు చేసిన రోజున పెంచడం వేరు, రోజువారీ మోతాదును సొంతంగా పెంచుకోవడం వేరు.

4. ఉప్పు, ఎండ, కొబ్బరిబోండాం

ఈ భాగం ముఖ్యంగా ఫ్లూడ్రోకార్టిసోన్ వాడేవాళ్ళకు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా విశాఖలో ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. ఆల్డోస్టిరాన్ లేని ఒంటికి చెమటలో పోయే ఉప్పును ఆపే దారి లేదు. ఫలితం: నిలబడితే కళ్ళు తిరగడం, పిక్కలు పట్టెయ్యడం, ఉప్పు మీదికి మనసు పోవడం. ఊరగాయ రసం నాకాలనిపిస్తే అది జిహ్వచాపల్యం కాదు, గమనించాల్సిన లక్షణం.

కాబట్టి "ఉప్పు తగ్గించండి" అని అందరికీ చెప్పే సలహా మీకు వర్తించదు. ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి, ఆవకాయ, ఎండుచేపల పులుసు, ఇవన్నీ మీకు పనికొచ్చేవే. బీపీ పెరిగితే మాత్రం ఉప్పు ఆపడం కన్నా ముందు ఫ్లూడ్రోకార్టిసోన్ మోతాదు ఎక్కువైందేమో డాక్టరు చూడాలి. ఎండాకాలంలో ఆ మోతాదును కొద్దిగా పెంచి, వానలు పడ్డాక దించే డాక్టర్లున్నారు. మార్చిలో వెళ్ళినప్పుడే అడగండి.

ఇక కొబ్బరినీళ్ళు. బీచ్ రోడ్డులో వడదెబ్బకు మొదటి మందు అదే. మీకు అది మొదటి మందు కాదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం దానికన్నా బాగా తక్కువ. ఆల్డోస్టిరాన్ లేనివాళ్ళలో ఉప్పు పోతుంది, పొటాషియం పేరుకుంటుంది. అంటే తగ్గినదాన్ని ఇవ్వకుండా పెరిగినదాన్నే మళ్ళీ పోస్తున్నట్టు. మోతాదు సరిగ్గా కుదిరి, రక్తంలో పొటాషియం మామూలుగా ఉన్నప్పుడు సరదాకు ఒక బోండాం తాగితే ఏమీ కాదు. నీరసపడి, కళ్ళు తిరుగుతున్నప్పుడు మాత్రం ఓఆర్‌ఎస్ తాగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న, లీటరు నీళ్ళలో కలిపే పొడి ప్యాకెట్టే కొనండి. అందులో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. పళ్ళరసం రుచితో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి నీళ్ళు దానికి సాటి రావు. బీపీ వాళ్ళ కోసమని అమ్మే తక్కువ సోడియం ఉప్పు మీ వంటింట్లోకి రానివ్వద్దు. అందులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు.

5. జ్వరం వచ్చిన రోజు

ఈ నియమాలను తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఇంట్లో చదవగలిగే ప్రతివాళ్ళకూ తెలిసి ఉండాలి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే రోజు మొత్తం హైడ్రోకార్టిసోన్ రెట్టింపు. 102.2 దాటితే మూడింతలు. రోజుకు 20 వేసుకునేవాళ్ళు 40, లేదా 60, దాన్ని పూటలుగా పంచుకుని. జ్వరం పూర్తిగా తగ్గాక ఒకటి రెండు రోజుల్లో మామూలు మోతాదుకు వచ్చెయ్యండి. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ ఏదైనా సరే, రిపోర్టు వచ్చేదాకా ఆగి అప్పుడు పెంచుదామనుకోకండి. ఫ్లూడ్రోకార్టిసోన్ మార్చక్కర్లేదు. ప్రెడ్నిసోలోన్ వాడేవాళ్ళ లెక్క వేరు, అది డాక్టరు రాసిచ్చినట్టే. మామూలు జలుబుకు, పరీక్షల టెన్షన్‌కు, ఇంట్లో గొడవలకు పెంచక్కర్లేదు.

వాంతి అసలు ప్రమాదం. బిళ్ళ వేసుకున్న అరగంటలోపు వాంతయితే అది ఒంటికి పట్టలేదనే లెక్క. మళ్ళీ వేసుకోండి, ఈసారి రెట్టింపు. అదీ వాంతయిపోతే ఇంక బిళ్ళల ఊసు లేదు, ఇంజెక్షన్ చేసి ఆసుపత్రికి బయల్దేరాలి. విరేచనాలు ఆగకపోయినా ఇదే పద్ధతి, ఎందుకంటే బిళ్ళ పేగులో నిలవదు. అరకు ఘాట్ రోడ్డులో మలుపులకు వాంతి చేసుకునే అలవాటున్నవాళ్ళు ఎక్కడానికి కనీసం గంట ముందే బిళ్ళ వేసుకోండి, వాంతుల బిళ్ళ కూడా దగ్గరుంచుకోండి. ఆ కొండ మీద ఇంజెక్షన్ కిట్ మీ చేతి సంచిలో ఉండాలి, బస్సు డిక్కీలో కాదు.

పన్ను పీకించుకోవడానికి గంట ముందు 20 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాత ఒక రోజు రెట్టింపు మోతాదు అనేది మామూలుగా పాటించే లెక్క. మత్తిచ్చి చేసే ఏ ఆపరేషన్‌కైనా ముందే మత్తు డాక్టరుకు చెప్పాలి. మొదట్లోనే 100 మి.గ్రా. నరంలోకి ఎక్కిస్తారు. కాన్పుకూ అంతే, నొప్పులు మొదలవగానే. గర్భం చివరి మూడు నెలల్లో రోజువారీ మోతాదు కూడా పెంచాల్సి రావచ్చు.

6. ఇంజెక్షన్ కిట్

ఒక చిన్న జిప్ సంచిలో ఇవి: 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ సోడియం సక్సినేట్ పొడి ఉన్న వయల్ రెండు, స్టెరైల్ వాటర్ చిన్న సీసాలు రెండు, 2 మి.లీ. సిరంజిలు రెండు, నీలం రంగు మూతి ఉన్న 23 గేజ్ సూదులు, స్పిరిట్ దూది, ఎక్స్‌పైరీ తేదీలు రాసుకున్న చీటీ. రెండేసి ఎందుకంటే కంగారులో ఒకటి పగులుతుంది. చాలామంది వయల్ కొని నీళ్ళ సీసా మరిచిపోతారు, చూసుకోండి.

చెయ్యడం ఇలా. నీళ్ళ సీసా మెడ దగ్గర గుడ్డ చుట్టి మీ నుంచి బయటివైపు విరవండి. 2 మి.లీ. సిరంజిలోకి లాగండి. వయల్ ప్లాస్టిక్ మూత తీసి, రబ్బరును స్పిరిట్‌తో తుడిచి, నీళ్ళు లోపలికి ఎక్కించండి. గట్టిగా ఊపకుండా మెల్లగా తిప్పండి. పొడి కరిగి నీళ్ళలా తేటగా అవ్వాలి. ముద్దలు మిగిలితే ఇంకాసేపు తిప్పండి. వయల్‌ను తలకిందులు చేసి అంతా లాగి, సిరంజి పైకి పట్టుకుని గాలి తీసెయ్యండి. తొడ బయటివైపు, తుంటికీ మోకాలికీ సరిగ్గా మధ్యలో, సూదిని నిట్టనిలువుగా గుచ్చి మెల్లగా తొయ్యండి. చీర మీంచో ప్యాంటు మీంచో చేసినా ఫరవాలేదు.

చిన్నపిల్లలకు మోతాదు వేరు: ఏడాది లోపు 25 మి.గ్రా., ఒకటి నుంచి ఆరేళ్ళ దాకా 50, ఆపైన 100.

ఇంట్లోవాళ్ళు భయపడి "108 వచ్చేదాకా చూద్దాం" అంటారు. చూడొద్దు. అవసరం లేకపోయినా ఒక్క డోసు ఇవ్వడం వల్ల హాని లేదు. అవసరమున్నప్పుడు ఇవ్వకపోతే బీపీ పడిపోయి స్పృహ తప్పుతుంది. ఇంజెక్షన్ చేశాక లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి వెళ్ళాలి, దాని పని కొన్ని గంటలే. అనుభవం రావడానికి ఎక్స్‌పైరీ అయిన వయల్‌తో బత్తాయి మీద ఇంట్లో అందరూ ఒకసారి చేసి చూడండి. విశాఖ ఎండలో స్కూటర్ డిక్కీలో కిట్ ఉంచకండి, లోపల పొయ్యిలా కాగుతుంది.

7. క్యాజువాలిటీలో చెప్పాల్సిన మాటలు

"నీరసం, వాంతులు" అంటే వరుసలో కూర్చోబెడతారు. "అడ్రినల్ క్రైసిస్, స్టెరాయిడ్ మీద ఆధారపడిన పేషెంటు" అనండి. క్రైసిస్ అంటే కార్టిసాల్ చాలక బీపీ పడిపోయి ప్రాణం మీదికి వచ్చే స్థితి. పర్సులో, ఫోన్ కవరులో ఒక కార్డు ఉంచండి. అందులో: జబ్బు పేరు, రోజు మోతాదు, డాక్టరు నంబరు, "హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. వెంటనే, నార్మల్ సెలైన్ మొదటి గంటలో 1 లీటరు, తర్వాత 24 గంటల్లో 200 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్, రక్తపరీక్షల కోసం ఆగవద్దు" అన్న వరుస. గుండె, కిడ్నీ జబ్బులుంటే సెలైన్ లెక్క మారుతుంది, అది కూడా రాయించుకోండి. ఉప్పు లేని గ్లూకోజ్ బాటిల్ ఒక్కటే ఎక్కిస్తే సోడియం ఇంకా పడిపోవచ్చు. అందుకే సెలైన్ పేరు కార్డులో స్పష్టంగా ఉండాలి.

8. వేరే మందులతో గొడవలు

క్షయకు వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ స్టెరాయిడ్‌ను కాలేయంలో త్వరగా కరిగించేస్తాయి. మోతాదు పెంచకుండా రిఫాంపిసిన్ మొదలుపెడితే క్రైసిస్ వచ్చే ప్రమాదం ఉంది. క్షయ వల్లే అడిసన్స్ వచ్చినవాళ్ళకు ఇది సరిగ్గా వాళ్ళ ఇంటి సమస్య. ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందులు దీనికి తిరగబడ్డట్టు, స్టెరాయిడ్‌ను ఒంట్లో ఎక్కువసేపు ఉంచుతాయి.

థైరాయిడ్ కూడా తక్కువగా ఉంటే ముందు స్టెరాయిడ్, తర్వాతే థైరాయిడ్ బిళ్ళ థైరాక్సిన్. వరుస తప్పితే క్రైసిస్ తెచ్చుకున్నట్టే. పైగా అడిసన్స్ బయటపడ్డ రోజున కొద్దిగా ఎక్కువ కనిపించిన టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో చూసే అంకె) స్టెరాయిడ్ మొదలుపెట్టాక తనంతట తానే దిగొచ్చు.

దగ్గుకు నమిలే అతిమధురం కూడా వదిలెయ్యండి. అది బీపీని పెంచి, పొటాషియాన్ని తగ్గించి మీ లెక్కలన్నీ తారుమారు చేస్తుంది.

9. ఉపవాసాలు, గిరి ప్రదక్షిణ, తుఫాను

కార్తీక సోమవారం నక్తం ఉన్నా, ఏకాదశి ఉన్నా బిళ్ళ ఆపకూడదు. నీళ్ళతో మింగే మందుకు ఉపవాసం అడ్డు కాదు. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం మాత్రం మీకు వద్దు.

సింహాచలం గిరి ప్రదక్షిణ దాదాపు 32 కిలోమీటర్లు, ఆషాఢ పౌర్ణమి ఉక్కలో, నిద్ర లేకుండా. చెయ్యాలని ఉంటే బయల్దేరే ముందు 5 మి.గ్రా. అదనంగా వేసుకోవాలా, మధ్యలో ఇంకోసారి కావాలా అన్నది డాక్టరుతో ఖరారు చేసుకోండి. దారి పొడుగునా ఉచితంగా పంచే నీళ్ళ ప్యాకెట్లు మాత్రమే తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు, ఓఆర్‌ఎస్ కలుపుకుని పోవాలి. ఒంటరిగా నడవకండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంట్లో ఎప్పుడూ నెల రోజుల బిళ్ళలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రెండు కిట్లు ఉండాలి. ఫ్లూడ్రోకార్టిసోన్ సీసా మీద ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉంటే కరెంటు పోయినప్పుడు ఏం చెయ్యాలో షాపులో ముందే అడగండి. రైలు ప్రయాణాల్లో మందులు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకోండి.

10. చెకప్‌లు

మోతాదు సరిపోతోందా అని చూడటానికి కార్టిసాల్ పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించడం డబ్బు దండగ. బిళ్ళ వేసుకున్న వేళను బట్టి అంకె మారిపోతుంది. మీ నోటుపుస్తకం, బరువు, నిలబడి చూసిన బీపీ, సోడియం, పొటాషియం, ఫ్లూడ్రోకార్టిసోన్ వాడేవాళ్ళకు రెనిన్ (ఆ మోతాదు సరిపోతోందో చెప్పే రక్తపరీక్ష), ఇవే పనికొచ్చేవి. షుగర్, కొన్నేళ్ళకోసారి ఎముకల సాంద్రత కూడా.

స్టెరాయిడ్ వాడకం వల్ల గ్రంథులు నిద్రపోయినవాళ్ళకు మాత్రం పొద్దున ఎనిమిదింటి కార్టిసాల్ అవసరం. దానికి ముందు హైడ్రోకార్టిసోన్ 24 గంటలు ఆపాలి, డాక్టరు చెప్పి ఆపిస్తేనే. అంకె (డెసిలీటరుకు మైక్రోగ్రాముల్లో) 10 దాటితే గ్రంథి మేలుకున్నట్టు, 5 లోపు ఉంటే ఇంకా నిద్రలోనే ఉన్నట్టు, మధ్యలో ఉంటే బిళ్ళలు కొనసాగించి కొన్ని వారాల తర్వాత మళ్ళీ చూడాలి. రక్తం ఇచ్చిన వెంటనే, ల్యాబులోనే, ఆ పూట బిళ్ళ వేసుకోండి. రిపోర్టు సాయంత్రానికి వస్తుంది, అందాకా ఖాళీగా ఉండకూడదు.